బెల్లం లారీలా కట్టిన పడవ

అనకాపల్లి బెల్లం మార్కెట్లో లారీకి తాడు బిగించడమంటే నా తర్వాతే ఎవరైనా. నేను కట్టిన లారీ ఒకటి ఎలమంచిలి దాటాక హైవే పక్కన బోర్లాపడి, దానంతటదే మళ్లీ లేచి నిలబడిందనీ, లోపల ఒక్క బెల్లం దిమ్మ కూడా కదల్లేదనీ చెబుతుంటాను. డ్రైవరు వేరేలా చెబుతాడు. అతనికి కథ చెప్పడం రాదు.

ఈ పేరు వల్లే పూడిమడక బావ తన పడవని నా చేతిలో పెట్టాడు. వరసకు బావేమీ కాదు. పరవాడ మందుల కంపెనీలో కాంట్రాక్టు పని చేసినన్నాళ్లూ మా పక్క గదిలో అద్దెకున్నాడు, అలా బావ అయ్యాడు. తెల్లారకుండా కంపెనీ బస్సెక్కేవాడు, చీకటి పడ్డాక దిగేవాడు. సెలవు రోజు కూడా బస్సు హారన్ వినబడితే చొక్కా తొడుక్కునేవాడు. చివరికి అది మానేసి, ఊరెళ్లి, ఉన్నదంతా పెట్టి చిన్న ఫైబరు పడవా, దానికో ఇంజనూ కొనుక్కున్నాడు. ఆ పడవ బాగున్నంతకాలం బావ సముద్రం మీద ఉంటాడు. దానికేమైనా అయితే మళ్లీ బస్సే.

ఓ ఆదివారం నేను వెళ్లేసరికి చేపలు ఆటోకెక్కిస్తున్నాడు. పడవ గట్టుకి కొట్టుకుంటోందనీ, తను సంతకి పోయి వచ్చేలోగా కాస్త చూసి కట్టమనీ చెప్పి వెళ్లిపోయాడు.

ఉప్పుటేటి ఒడ్డున సిమెంటు గోడ, గోడకి ఇనుప రింగులు. నీరు మంచి పోటు మీద ఉంది. పడవ అంచూ గోడ అంచూ ఒకే ఎత్తులో ఉన్నాయి. కదిలే సరుకు పగులుతుందని నా వృత్తి నాకు నేర్పింది. ముందూ వెనకా రెండు తాళ్లు వేసి, తెడ్డు దూర్చి మెలితిప్పి, బొటనవేలు దూరే సందు లేకుండా బిగించేశాను. బిగించే ముందే పడవకీ గోడకీ మధ్య, ఒడ్డున పడున్న గోనె బస్తాలు కుక్కాను. చొక్కా విప్పి, ఫోను దాంట్లో చుట్టి గోడ మీద పెట్టి, పడవలో టార్పాలిను కింద పడుకున్నాను. వచ్చేదారిలో బావ ఇంట్లో తిన్న పులుసు తన పని తను చేసింది.

జారుతుంటే మెలకువ వచ్చింది. పోటు పోయి, ఏట్లో నీరు తీసిపోయింది. గోడవైపు అంచు తాళ్లకి వేలాడుతోంది, రెండో వైపు నీళ్లలోకి దిగిపోయింది. పడుకునేటప్పుడు నా పక్కనున్న గోడ ఇప్పుడు నా తలకి పైన ఉంది, పాచిపట్టి జారుతోంది. తాళ్లు వీణ తీగల్లా బిగిసిపోయాయి, ముడులు గోటికి కూడా లొంగడం లేదు. వెనకాల ఇంజను నీళ్ల మీదికి ఒరిగి ఊగుతోంది. నేను ఒక్కడుగు అటు వేస్తే పడవ బోర్లాపడుతుంది. గోడ రింగు రెండు చేతులా పట్టుకుని బల్లిలా అతుక్కుపోయాను.

ఊరంతా భోజనాల నిద్రలో ఉంది. గోడ మీద చేపలు ఆరబెట్టుకుని కాకుల్ని తోలుతున్న ఒక ముసలమ్మ మాత్రం తొంగిచూసింది.

"ఏటి నాయినా, అలగ ఏలాడతన్నావు?"

నిజం చెప్పొచ్చు. కానీ నా నోరు నాకంటే ముందు పుట్టింది.

"పడవని ఆరబెడతన్నాను మామ్మా. పెద్ద ఓడలకి ఇలగే సేత్తారు. కిందన తడి ఆరకపోతే ఫైబరు కుళ్లిపోద్ది."

ఆవిడ పడవనీ, తన చేపల్నీ మార్చి మార్చి చూసింది.

"మరి రెండో పక్క ఎప్పుడు తిప్పుతావు?"

ఈ పక్క బాగా ఆరాక అన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. గంటసేపో, గంటలా అనిపించినంతసేపో, కాకుల్ని అదిలించే ఆవిడ గొంతు వింటూ ఉండిపోయాను. చేతులు మొద్దుబారాయి. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి లేదు. అప్పుడు ముందుకొనన తాడు కట్టిన కొక్కెం దగ్గర టప్‌మని చప్పుడైంది. తెల్లటి ఫైబరు మీద సన్నటి గీత. నేను చూస్తుండగానే అది వేలెడు పొడవు సాగింది.

బస్సు హారన్‌కి బావ చొక్కా తొడుక్కోవడం కళ్లకి కట్టింది. గట్టిగా కేకేశాను. ఆవిడ వచ్చింది. ఆరబెట్టడమూ లేదు, ఓడలూ లేవు, నాకు కట్టడం రాలేదు, పడవ పోతోంది, ఎవరినైనా పిలవమని బతిమాలాను. జీవితంలో అంత కల్తీలేని మాట నేను చెప్పి ఎరగను.

ఆవిడ నమ్మలేదు. ఎండకి తాళలేక సాకు చెబుతున్నానంది. సగం ఆరిన చేప ఎత్తేస్తే పురుగు పడుతుందనీ, ఇంకాసేపు ఓర్చుకోమనీ బుద్ధి చెప్పి వెనక్కి తిరిగింది. గీత ఇంకో వేలెడు సాగింది. నాకు మిగిలింది నా పాత విద్యే.

"మామ్మా, మరీ ఎక్కువ ఆరిపోనాది. పెళుసెక్కిపోతంది. ఇంకొంచెం ఆగితే అప్పడంలాగ ఇరిగిపోద్ది."

ఆవిడ మొహం మారిపోయింది. చేపల్ని కాకులకి వదిలేసి, కొంగు బిగించి, ఊళ్లోకి పరుగు తీసింది.

నలుగురు మగాళ్లు వచ్చారు. ముగ్గురు మెడలోతు నీళ్లలో దిగి పడవని భుజాలతో ఎత్తారు. నాలుగోవాడు గోడ మీద నుంచి చేపల కత్తితో తాళ్లు కోశాడు. పడవ ధబ్బున నీళ్ల మీద పడింది. ఇంజనుకి నీరు తగల్లేదు. నేను మాత్రం రింగుకే వేలాడుతూ మిగిలాను. వేళ్లు విప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చింది.

బావ వచ్చేసరికి ముసలమ్మ జరిగిందంతా, అంటే నేను చెప్పిందంతా, చెప్పేసింది. బావ గీతని కొస నుంచి కొసదాకా వేలితో తడిమాడు. అతుకు వేస్తే సరిపోతుందన్నాడు. ఇంజను స్టార్టు చేసి, ఆపి, మిగిలిన తాడు నా చేతికే ఇచ్చాడు.

"మూరెడు ఒగ్గు బావా. బెల్లం గాదు, పడవ."

వదిలి కట్టాను. పడవ దూరంగా పోతుంది, వచ్చి గోడకి తగులుతుంది. తగిలినప్పుడల్లా నేను లేచి నిలబడుతున్నాను. బావ నా భుజం నొక్కి కూర్చోబెడుతున్నాడు.