అరచేతి పరీక్ష

మా ఫ్లయింగ్ క్లబ్‌లో పాత రెండు సీట్ల విమానాల లైట్లు చూసే పెద్ద మెకానిక్ ఎవరి మాటా నమ్మేవాడు కాదు. నన్ను స్విచ్ వేయమని, తను స్టూలెక్కి, తోక మీద తిరిగే ఎర్రలైటు అద్దానికి అరచెయ్యి ఆనించేవాడు. అది వేడెక్కితేనే "ఔ, పోనియ్యి" అనేవాడు.

ఆ లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు బిగించిన రోజూ అలాగే చెయ్యి పెట్టాడు. అద్దం చల్లగానే ఉంది.

"గిది వెలుగుతలేదు. పాతదే పెట్టు."

"వెలుగుతున్నది సార్, జర చూడుండ్రి."

"నీ మాట మీద విమానం లేపాల్నా?"

పాత బల్బులు మాకు నాంపల్లిలోని ఆయన బావమరిది దుకాణం నుంచే వచ్చేవి. మొండితనమంతా అందుకేనని నా అనుమానం. కొత్తవే ఉంచాలని మేనేజరు గట్టిగా చెప్పాక, విప్పిన పాత లైటును ఆయన సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. అనుమానం ఇంకా బలపడింది.

ఆయన రిటైరయ్యాక, మొన్న అబిడ్స్‌లో ఒక ఎలక్ట్రికల్ షాపులో కనిపించాడు. షాపతను కొత్త బల్బు వెలిగించి పట్టుకుంటే, ఈయన దాని మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. నమస్తే అన్నాను. గొంతు గుర్తుపట్టి, తడుముకుంటూ నా భుజం అందుకున్నాడు.

"మంచిగ వచ్చినవ్. వీళ్లను నమ్మలేం. గిది వెలుగుతున్నదా, నువ్వు చెప్పు."

బల్బు ఆయన ముఖానికి జానెడు దూరంలో, నా కళ్లు చెదిరేలా వెలుగుతోంది.

"వెలుగుతున్నది. ఎప్పటినుంచి సార్, కండ్లు గిట్ల?"

ఆయన మళ్లీ బల్బు మీద చెయ్యి పెట్టాడు.