క్రై అనే మాట

నాకు రాత సరిగ్గా రాదు, ఏమీ అనుకోకండి. అరవ బళ్లో అయిదు దాకానే చదివాను. తెలుగు అక్షరాలు మా అత్త నేర్పించింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను.

మా చిన్నపిల్ల ఆపరేషన్ చేస్తే పుట్టింది. రెండు రోజులు గాజుపెట్టెలో ఉంచి ఇచ్చారు. ఎత్తుకోగానే మా అత్త, "పెద్దదాని మాదిరి కాదే, ఇది మంచి బిడ్డ. సద్దే లేదు" అంది. నేనూ సంతోషపడ్డాను. స్పిన్నింగ్ మిల్లులో రోజంతా మిషన్ల మోత విని వచ్చేదానికి, ఇంట్లో నెమ్మదిగా ఉండే బిడ్డ కంటే ఏం కావాలి? ఆసుపత్రి కాగితాలు బీరువాలో పెట్టేశాను.

మూడేళ్లు వచ్చినా పిల్లకు మాట రాలేదు, కాళ్లు నిలవలేదు. పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం.

"పుట్టగానే ఏడ్చిందా?" అని అరవంలో అడిగాడు.

"లేదు డాక్టర్. అప్పటినుంచీ ఏ తొందరవూ ఇయ్యదు, సతాయించదు" అన్నాను, గొప్పగా.

ఆయన పాత కాగితం చూసి ఒక మాట కింద గీత గీశాడు. "అప్పుడే తెచ్చి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చుని, ఆరో క్లాసు చదివే పెద్దపిల్లకు ఆ కాగితం చూపించాను.

"ఇది ఏంటిదే?"

"క్రై. అంటే ఏడ్చేదమ్మా. గట్టిగా అరిచేదానికీ అదే చెప్తారు. పాప లేటుగా క్రై చేసిందని రాసినారు."

"లేటుగా ఏడిస్తే ఏం?"

"ఊపిరే లేటుగా వచ్చినాదంట, దాంతోనే మెదడుకు దెబ్బంట. కిందనే రాసినారు."

మనకు ఏడుపు వేరు, అరుపు వేరు. ఊపిరి కూడా ఆ మాటలోనే ఉంటుందని నాకెలా తెలుస్తుంది? మూడేళ్లు ఆ కాగితం చీరల కింద ఉంది.

ఇప్పుడు వారానికి మూడుసార్లు కాళ్లు సాగదీయించడానికి రాజపాళయం తీసుకెళ్తాను. నొప్పికి అరుస్తుంది. మొన్న తిరిగొచ్చేటప్పుడు కూడా బస్సులో ఆపలేదు. ముందు సీటు ముసలావిడ, "నోరు మూయించమ్మా, తల పగిలిపోతాది" అంది.

"ఏడవనీ అవ్వా" అన్నాను.

ఆమె నన్ను ఒక రకంగా చూసింది. మా ఊరు సేత్తూరు వచ్చేదాకా పిల్ల అరుస్తూనే ఉంది. నేను వింటూ కూర్చున్నాను. అందులో అమ్మ అనే మాట మాత్రం లేదు.

తప్పక్షరాలు ఉంటే మీరే దిద్దుకుని చదవండి, నన్ను మన్నించండి.