కన్యాదానం లేని పెళ్లిలో ఒక తండ్రి

నన్ను చూసి "అయ్యగారు ఎప్పుడొస్తరమ్మా?" అని అడిగిన ప్రతి ఒక్కరూ నాకు గుర్తున్నారు. తార్నాకలో మా సమాజం బాధ్యత నా చేతికి వచ్చి పన్నెండేళ్లు. మాకు విగ్రహం లేదు, కులం అడగం, ఆదివారం హోమం చేస్తాం, పెళ్లిళ్లు చేయిస్తాం. మంత్రం చదివేది నేనే. అయినా అడుగుతారు.

ఆ రోజు అడిగినవాడు పెళ్లికూతురి తండ్రి. ఆ అమ్మాయి యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ, హాస్టల్ నుంచి ప్రతి ఆదివారం నడిచి మా దగ్గరికి వచ్చేది. తనతో చదివే అబ్బాయినే చేసుకుంటోంది, కులం వేరు. తండ్రి జనగామ వైపు రైతు. భార్య పోయాక ఒక్కడే బిడ్డను పెంచాడు. ముందు పెళ్లికి రానన్నాడు. చివరికి తెల్లవారుజామున బస్సు దిగి, క్యాంపస్‌లో హాస్టల్ దాకా నడిచి, కూతురితో కలిసి వచ్చాడు.

అయ్యగారు నేనేనన్నాను. ఆయన నా నెరిసిన జుట్టును, ముందున్న నేతిగిన్నెను చూసి, "ఔనా" అన్నాడు. ఆ "ఔనా" నేను మరచిపోలేదు.

"అల్లుని కాళ్లు కడిగే పళ్లెం తెచ్చిన. ఏడ పెట్టాలె?"

"మా దగ్గర కాళ్లు కడగడం లేదండీ. కన్యాదానమూ లేదు. ఆడపిల్ల ఇచ్చే వస్తువు కాదు కదా."

"వస్తువని నేనెప్పుడన్న? సదివిచ్చింది నేనే." పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. "మరి నేనేం జెయ్యాలె? చుట్టం లెక్క కూసోని తిని పోవాల్నా?"

"నాయినా, గిప్పుడు లొల్లి వద్దే," అంది కూతురు.

"లొల్లి గాదు బిడ్డా. అడుగుతున్న."

లేచి చెప్పుల దగ్గరికి వెళ్లాడు. కూతురు పీట మీద నుంచి కదల్లేదు గానీ, చూపు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆయన వెళ్లిపోతే ఆ పిల్లకు అది పెళ్లిలా ఉండదు.

మా పెళ్లి పద్ధతి రాసింది నేనే. కన్యాదానం కొట్టేశాను, అది సరైనదేనని ఇప్పటికీ అంటాను. దాంతోపాటు తండ్రిని కూడా కొట్టేశానని పన్నెండేళ్లలో నాకు తట్టలేదు.

గుమ్మం దాకా వెళ్లాను. "హోమంలో మొదటి పుల్ల మీరు వెయ్యండి."

"ఒక్కటేనా?"

"ఒక్కటే." అంతకన్నా దిగిరావడం నా వల్ల కాలేదు.

వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. పుల్ల తీసుకుని విరిచాడు. మళ్లీ విరిచాడు. వేలెడంత ముక్కలు చేసి, ఒక్కొక్కటే నిప్పులో వేయసాగాడు. తర్వాతి మంత్రం అందుకోబోయి ఆగిపోయాను. ముక్క ముక్కకూ అదే మంత్రం చదివాను. కూతురు ఆయన మోచేతి కింద చెయ్యి ఆనించింది. మా సభ్యుడొకాయన గడియారం చూసుకున్నాడు. ఆయనా నాకు గుర్తున్నాడు.

భోజనాల దగ్గర ఆ తండ్రి, "మంచిగనే సదివిన్రమ్మా. గని ఉరుకుతున్రు. జర నెమ్మదిగ సదవాలె," అన్నాడు. నా మంత్రానికి వంక పెట్టినవాడు ఆయనొక్కడే.

ఆ వారమే మా పద్ధతిలో తల్లిదండ్రులకు చోటు రాశాను. ఎన్ని పుల్లలన్నది రాయలేదు.