ఏసీకి కప్పిన మిరపకాయల పట్టా

మొన్న జగ్గయ్యపేట బైపాస్ పక్కన ఒక ఇంటి గోడకి డ్రిల్లు పెట్టి ఉన్నాను. ముక్త్యాల వైపు నుంచి సిమెంటు లారీ ఒకటి వచ్చింది. దాని మీద కప్పిన టార్పాలిన్ పట్టా ఒక మూల ఊడిపోయి గాలికి టపటపమని కొట్టుకుంటోంది. లారీ వెళ్లిపోయినా నా చెయ్యి మళ్లీ డ్రిల్లు మీదికి పోలేదు. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ అంతే. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెబితే, శేషగిరి గారి సంగతంతా కాగితం మీద పెట్టు నాన్నా అంది. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే తను దిద్దుతానంది. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

శేషగిరి గారిని మీరు చూసి ఉండరు. జగ్గయ్యపేటలో ఏసీలు బిగించే చిన్న షాపు ఆయనది. సన్నగా, పొట్టిగా ఉండేవారు. ఉబ్బసం మనిషి, చల్లగాలి పడదు. ఎండాకాలంలో కూడా జేబులో మంకీ క్యాప్ ఉండేది. ఊళ్లో ఇంతమందికి ఏసీలు పెట్టి, తన షాపులో మాత్రం ఫ్యానుని రెండో నంబరు దాటనిచ్చేవారు కాదు. నేను పెనుగంచిప్రోలులో కౌలుకి మిరప వేసి, వరసగా రెండేళ్లు తామర పురుగు తినేశాక, ముప్పై నాలుగేళ్ల వయసులో ఆయన దగ్గరికి పని అడగడానికి వెళ్లాను. ఆయన నా చదువు అడగలేదు. ఎత్తు మీదికెక్కితే కళ్లు తిరుగుతాయా అని అడిగారు. పని ఇవ్వరేమోనని, అస్సలు తిరగవండీ అన్నాను.

"నాకు తిరుగుతాయయ్యా. ఇరవై ఏళ్ల నుంచీ తిరుగుతానే ఉన్నాయి. భయం లేదనేవాణ్ని నేను గోడెక్కించను" అన్నారు.

నాకూ తిరుగుతాయండీ అన్నాను. అయితే రేపు పొద్దున్నే రా అన్నారు.

ఆయనకొక అలవాటు ఉండేది. టీవీలో తుపాను అన్నారంటే, ఇంకా మబ్బు కూడా పట్టకముందే స్కూటరు తీసేవారు. తను బిగించిన ఏసీలున్న ఇళ్లకి వెళ్లి, బయట గోడకుండే పెట్టెని, అంటే అవుట్‌డోర్‌ని, చేత్తో పట్టుకుని ఊపి చూసేవారు. స్టాండు బోల్టులు బిగించేవారు. చుట్టూ తేలిగ్గా ఎగిరే వస్తువులు తీయించేవారు. గాలి తగ్గేదాకా, ఏసీకి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి దింపి ఉంచమని ఇంట్లోవాళ్లకి చెప్పి వచ్చేవారు. నాకది చాదస్తంలా అనిపించేది. సముద్రం మాకెక్కడో దూరం. తుపాను మాదాకా వచ్చేసరికి వానే మిగులుతుంది అనుకునేవాణ్ని.

నేను చేరిన మూడో ఏడు, కార్తీకం వెళ్లాక తుపాను అన్నారు. అప్పుడాయన ఆయాసం ఎక్కువై నందిగామలో కూతురింట్లో ఉన్నారు. ఫోను చేసి ఐదిళ్లు చెప్పారు. బోల్టులు బిగించు, ఎంసీబీ దింపించు, అంతకుమించి ఏం చెయ్యకు అన్నారు. నేను సరే అన్నాను. కానీ నా బుర్ర రైతు బుర్ర. వాన వస్తోందంటే కప్పెయ్యడమే తెలుసు. పొలం వదిలేసినా, మిరపకాయల మీద కప్పిన పట్టాలు ఇంట్లో అలాగే ఉన్నాయి. వాటిని కోసి ఐదు అవుట్‌డోర్లకీ కప్పాను. కళ్లంలో కట్టినట్టు కింది నుంచి తాడు తిప్పి బిగించి కట్టాను. ఇళ్లవాళ్లు సంబరపడ్డారు. ఒకావిడ కాఫీ కూడా ఇచ్చింది. ఆ రోజు నేను శేషగిరి గారి కంటే మంచి పని చేశాననుకున్నాను.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆయనకి ఫోను చేసి గొప్పగా చెప్పాను. అప్పటికే గాలి మొదలైంది. అవతల ఆయన పిల్లికూతల ఊపిరి వినపడుతోంది.

"ఏసీ వానకి తడవడానికే చేశారయ్యా. గాలి దాని సందుల్లోంచి పోద్ది. నువ్వా సందులు మూసేసి తెరచాప కట్టావు. ముందెళ్లి విప్పు. నేనొస్తున్నా" అన్నారు.

నాలుగు ఏసీలు డాబాల మీద నేలకే ఉన్నాయి. పరిగెత్తి వాటి పట్టాలు విప్పేసరికి తొమ్మిదైంది. ఐదోది మూడంతస్తుల ఇంటికి పైన బయటి గోడకి వేలాడుతుంది. నేను డాబా ఎక్కేసరికి శేషగిరి గారు బస్సు దిగి అక్కడికే వచ్చేశారు. తడిసిపోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీస్తున్నారు. ఇంటాయన తలుపులోంచే, మీరే కడతారు, మీరే విప్పుతారు, ఏం పనయ్యా మీది అంటున్నాడు. పిట్టగోడ మీద నుంచి వంగి చూశాను. పట్టా గాలి నింపుకుని బస్తాలా ఉబ్బింది. గాలి విసిరినప్పుడల్లా స్టాండు గోడ నుంచి కొంచెం ముందుకొచ్చి మళ్లీ వెనక్కి కొట్టుకుంటోంది. గోడ పెచ్చులు రాలుతున్నాయి. సరిగ్గా దాని కింద సిమెంటు రేకుల ఇల్లు. ఆ ఇంట్లో పది రోజుల పసిగుడ్డుతో బాలింత ఉందని నాకు తెలుసు. ముందురోజు పట్టా కడుతుంటే పాప ఏడుపు విన్నాను.

నేను కత్తి తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. కోస్తే ఏ పక్క లాగుతుందో తెలియదు, ముందు కిందివాళ్లని బయటికి తీసుకురా అన్నారు. ఆలోపు ఇంకో తాడుతో పెట్టెని డాబా స్తంభానికి కడతానన్నారు. వాళ్లకి ఏం చెప్పమంటారు అని అడిగాను.

"ఉన్నదే చెప్పు" అన్నారు.

మెట్లు దిగుతున్నంతసేపూ ఆ ఉన్నదాన్ని ఎలా చెప్పాలో నాకు తోచలేదు. తలుపు కొడితే బాలింత అత్తగారు తీసింది. గాలికి పైన ఏసీ ఊగుతోందమ్మా, ఒక్క గంట పక్కింట్లో కూర్చోండి అన్నాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"మూడేళ్ల నుంచీ ఊగని ఏసీ ఇయాలెందుకు ఊగుద్ది? పచ్చి బాలింతని పట్టుకుని ఈ ఈదురుగాలిలో ఎక్కడికి పొమ్మంటావ్? రేకుల కింద మేం చూడని తుపానులా? పోవయ్యా."

తలుపు వేసేస్తోంది. పైన రేకు మీద పెచ్చు పడి టక్కుమంది. లోపల మంచం మీద ఆ పిల్ల బిడ్డని దగ్గరికి లాక్కుంది. నేను తలుపుకి చెయ్యి అడ్డం పెట్టాను.

"నావల్లేనమ్మా. తెలీక నిన్న దానికి పట్టా కట్టా. అందుకే బోల్టులు ఊడతన్నాయి. పడితే ఆ మంచం మీదే పడుద్ది."

ఆవిడ దుప్పట్లో బిడ్డని చుట్టి తను ఎత్తుకుంది. కోడలి చెవులకి గుడ్డ కట్టి, నా భుజం పట్టుకోమంది. ఇద్దరం కలిసి ఆ పిల్లని పక్క డాబా వరండాలోకి నడిపించాం. నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది. నేను మళ్లీ మెట్లెక్కుతూ రెండో అంతస్తులో ఉండగా పెద్ద చప్పుడైంది. పైకెళ్లి చూస్తే, శేషగిరి గారు స్తంభం పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. తాడు తెగి సగం ఆయన చేతిలో ఉంది. అరచేతులు ఒరుసుకుపోయి రక్తం వస్తోంది. గోడకి స్టాండు లేదు, పెట్టె లేదు. కింద రేకుల్లో పెద్ద కంత. ఆయన మాట్లాడలేక, వాళ్లు బయటికి వచ్చారా అన్నట్టు చెయ్యి తిప్పారు. వచ్చారండీ అన్నాను. అప్పుడు కళ్లు మూసుకున్నారు.

ఇంటాయన పైకొచ్చి కేకలు మొదలుపెట్టాడు. మా షాపు కట్టిన పట్టాకే పడింది, ఏసీ మేం పెడతాం అని శేషగిరి గారు నెమ్మదిగా చెప్పారు. నా పేరు ఎత్తలేదు. గాలి తగ్గాక కిందికి వెళ్లాం. మంచం పట్టె విరిగి పెట్టె దాని మీదే పక్కకి ఒరిగి ఉంది. ముసలావిడ దాన్ని చూస్తూ నిలబడింది. ఆవిడ తిడుతుందని చూశాను. చివరికి నా వైపు తిరిగింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంది.

రెండు రోజుల తర్వాత కొత్త రేకులు వేశాం. శేషగిరి గారు చేతులకి కట్లతో కింద కూర్చుని వాషర్లు అందించారు. పని అయ్యాక నన్ను పక్కకి పిలిచారు. పట్టా కట్టడం తెలీనితనం, అది నేనూ చేసుండేవాణ్నే అన్నారు. తలుపు దగ్గర మొదట గాలి మీదికి నెట్టావంట, అది మాత్రం తెలిసి చేసింది అన్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అంతకంటే తిట్టి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

నిరుడు చలికాలంలో ఆయన పోయారు. షాపు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. తుపాను అంటే నేనూ బండి తీస్తాను. కానీ ఏసీ ఉన్న ఇంటికంటే ముందు, దాని కింద ఎవరుంటున్నారో ఆ ఇంటి తలుపు కొడతాను. పైనున్నది నేనే బిగించానని, పేరు, ఫోను నంబరు చెబుతాను. చాలామంది వింతగా చూస్తారు. ఈ మధ్య నందిగామలో ఒకావిడ, అంట్లు తోముకుంటూ లేవకుండానే, ఆ ఏసీ మాది కాదండీ, మాకెందుకు చెబుతున్నారు అంది.

మీది కాదు గానీ మీ నెత్తి మీద ఉందమ్మా అన్నాను. ఆవిడ చేతులు కడుక్కుని బయటికొచ్చి, మొదటిసారి తల పైకెత్తి చూసింది.