అత్త పెట్టిన మనీప్లాంటు

ఈ ఉదయం మదనపల్లెలో మా బాల్కనీలోని ముదిరిన మనీప్లాంటును కత్తిరిస్తుంటే, వేళ్లకు అంటుకున్న పచ్చివాసన నన్ను పుంగనూరులోని తాత ఇంటి నడవలోకి తీసుకుపోయింది.

ఎండాకాలమైతే ఆ నడవంతా మాగేసిన మామిడికాయల వాసన, ఉగాదినాడు అవ్వ పూర్ణం పెట్టి కాల్చే ఓళిగల నేతివాసన. చల్లటి బండల మీద కూర్చుని మేం అచ్చనగాయలాడుతుంటే మా తలల మీదుగా, మేకులకు కట్టిన పురికొసల వెంబడి గోడంతా పాకిన మనీప్లాంటు. దాన్ని పెట్టింది మా మేనత్త సరోజ. తనకు నచ్చినవాణ్ణి పెళ్లాడి ఆమె కుప్పం వెళ్లిపోయినప్పటి నుంచి తాత ఆమె పేరెత్తలేదు. అవ్వ ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. కానీ పొద్దున్నే కాఫీ తాగకముందే చెంబుతో ఆ కుండీకి నీళ్లు పోసి, తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేవాడు. ఇంకెవరినీ దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఏళ్లు గడిచేకొద్దీ తీగ ముసలిదైంది. మొదలంతా బోడిగా, తాడులా మిగిలి, కొసన మాత్రం పాలిపోయిన ఆకులు కొన్ని వేలాడేవి. తాత ఇంకా నీళ్లు పోశాడు. ఆకులు ఇంకా పండిపోయాయి. చివరికి మా అమ్మ కత్తెర పట్టుకుని ఆయన ముందుకొచ్చింది.

“కొయ్యకపోతే సచ్చిపోతాది మామా,” అంది.

తాత చేతిలోని చెంబు కింద పెట్టాడు. “పాప పెట్టిందమ్మా అది,” అన్నాడు.

ఆయన నోట అత్త మాట వినడం నాకదే మొదలు. వంటింట్లో అవ్వ గరిటె చప్పుడు ఆగిపోయింది.

“అందుకే కోస్తాండాను,” అంది అమ్మ.

జానెడు మొదలు ఉంచి తీగంతా కోసింది. కణుపులు చూసి ముక్కలు చేసి సీసాల నీళ్లలో పెట్టింది. కుండీలో కొత్తమట్టి, పశువుల ఎరువు వేసింది. గోడ బోసిపోయింది. ఆ పూట తాత సంగటి ముట్టలేదు. కొన్నాళ్లకు ముక్కల కణుపుల దగ్గర తెల్లటి వేర్లు దిగాయి, మోడు పక్కన చుట్టచుట్టుకున్న లేతాకు పొడిచింది. తాత ఒక్కో సీసానూ వెలుతురుకు ఎత్తి చూసుకుంటూ తిరిగేవాడు.

ఒక ఆదివారం ఇస్త్రీ పంచె కట్టుకుని, వేరుపట్టిన కొమ్మనొకదాన్ని తడిగుడ్డలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని కుప్పానికి బయలుదేరాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అవ్వ మాత్రం ఓళిగల డబ్బా నా చేతిలో పెట్టింది.

తలుపు తీసిన అత్త, దాని రెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తాత గుడ్డమూట ముందుకు చాపాడు.

“నీ సెట్టే. ముదిరిపోతే కోసినాం. వేరు పట్టుండాది,” అన్నాడు.

అత్త రెండు చేతులా అందుకుని, “లోపలికి రా నాయనా,” అంది. మామ కుర్చీ వేశాడు. తాత కూర్చోకుండా కుండీ యాడుందని అడిగి, కొమ్మ నాటాకే కాఫీ తాగాడు. ఆ తర్వాత ఆయన ఆదివారాలన్నీ కుప్పానివే అయిపోయాయి.

ఇప్పుడు తాతా అవ్వా లేరు. ఆ ఇంటి స్థలంలో సెల్‌ఫోన్ల దుకాణాలు వెలిశాయి. తాత పోయాక కూడా చాలాకాలం, ఆదివారం ఆయన బస్సు వచ్చే వేళకు తనకు తెలియకుండానే వాకిలి తలుపు తీసి పెట్టేదాన్నని, ఈ మధ్యనే ఆ అలవాటూ పోయిందని మొన్న ఫోన్లో అత్త చెప్పింది.