పేరు రాయకపోయినా దొరికిపోయిన కేసు

మా మేడ మీది వాటాలో ఉండే అమ్మాయిని వీధంతా లాయరు పిల్ల అంటాం. చదువు ఇంకా పూర్తి కాలేదు, నల్లకోటు కొనకముందే పేరొచ్చేసింది. తండ్రి బస్సు డ్రైవరు. చూపు మసకబారిందని డిపోవాళ్లు ఇంటికి పంపేశాక, ఇక ఆ ఇంటికి ఆధారం ఈ పిల్లే. ఉద్యోగానికి ఎన్ని ఆఫీసులకు రాసినా ఒక్కచోట నుంచే కబురొచ్చింది: సీనియరు లాయరు దగ్గర ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశావో రెజ్యూమెలో వివరంగా రాసి సాయంత్రంలోగా పంపమని.

ఆరిన బట్టలు తీయడానికి మేడెక్కాను. తలుపు తీసి ఉంటే ఊరుకుంటానా? వెళ్లి దాని భుజం మీంచి ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూశాను. ముగ్గురు అన్నదమ్ముల ఫ్యాక్టరీ పంపకం కేసులో పాత తీర్పు వెతికిపెట్టి, క్లయింటుకు వాటా దక్కేలా తోడ్పడ్డానని రాసుకుంది. ఏం ఫ్యాక్టరీయో అదీ రాసింది, ఇక్కడ నేను రాయను. రాస్తే వాళ్లెవరో మీరూ చెప్పేస్తారు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నడిపివాడి వెనకాల ఉన్నది మీ సారేనా? అందుకే వాళ్లావిడ అంత ధీమాగా తిరుగుతోంది!"

పిల్ల గబుక్కున తెరకు చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరు రాయలేదు కదా మామ్మా!"

"పేరెందుకే? అలాంటి ఫ్యాక్టరీ ఉన్న అన్నదమ్ములు ఊరంతటికీ వాళ్లేగా!"

అవునని గానీ కాదని గానీ అనలేదది. వెంటనే సీనియరుకి ఫోన్ చేసింది. "సార్, ఒక వాక్యం రాశాను. పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోతోంది."

అవతలి గొంతు నాకూ వినపడింది. చెవులు అప్పగించాను మరి.

"తీసెయ్యమ్మా. ఆ సంగతి బయటపెట్టే హక్కు నాకే లేదు, నీకెక్కడిది? కేసు కాదు, నీ పని రాయి."

తీసేసింది. తెర నాకు కనపడకుండా తిప్పుకుని, మిగతా కేసులూ తీసేసింది. చివరికి మిగిలింది ఇంత: కాగితాలు చదివి సారాంశాలు రాశాను, పాత తీర్పులు వెతికాను, నోటీసులకు చిత్తుప్రతులు తయారుచేశాను.

"ఇంతేనా? జిరాక్స్ షాపులో చేసిందనుకుంటారే!" అనేశాను. నా నోటికి తాళం లేదు. పిల్ల మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చేసింది.

మంచం మీద పడుకున్న తండ్రి లేచి కూర్చున్నాడు. "తీసేసిన ఆ ఒక్క ముక్కా మళ్లీ పెట్టెయ్ తల్లీ. వాళ్లెవరో, వీళ్లెవరో. ఎవరికి తెలుస్తుంది?"

"మామ్మ చిటికెలో చెప్పేసింది కదా నాన్నా."

"మామ్మ సంగతి వేరు. పక్కింట్లో తుమ్మినా ఆవిడకి తెలుస్తుంది."

"ఆఫీసుల్లోనూ మామ్మలుంటారు నాన్నా."

ఆయన కూతురికి చేతులు జోడించాడు. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను. పిల్ల ఆ చేతులు రెండూ విడదీసి, ఆయన ఒళ్లో పెట్టి, తన కళ్లు తుడుచుకుని, మిగిలిన వాక్యాలే పంపింది.

ఆఫీసువాళ్లు ఊరుకోలేదు. పెద్ద కేసు ఏదైనా చేస్తే అదేమిటో రాయమన్నారు. ఇంతకన్నా చెప్పలేనని జవాబిచ్చింది. మళ్లీ కబురు లేదు.

ఇప్పుడు తండ్రి దానితో మాట్లాడటం లేదు, అన్నం దగ్గర కూడా. నిన్న వెళ్లేసరికి మరో ఆఫీసుకు రాస్తోంది. ఈసారి తనే తెర నావైపు తిప్పింది.

"చదువు మామ్మా. ఎవరి గురించో చెప్పగలవా?"

కూడబలుక్కుంటూ చదివాను. మళ్లీ చదివాను.

"ఎవరో చెప్పడం నా వల్ల కాదే తల్లీ."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్న తండ్రిని ఒకసారి చూసి, పంపేసింది.