బుద్రికి ఇవ్వని క్వినైన్

1926లో వానలు తగ్గుముఖం పట్టాక మా మలేరియా సర్వే బృందం అరకు లోయలో డేరాలు వేసింది. నా ఉద్యోగం సబ్ అసిస్టెంట్ సర్జన్. చేసే పని మాత్రం ఊరూరా తిరిగి సూదితో వేళ్ళు పొడవడం, గాజు స్లైడు మీద నెత్తురు చుక్క పరిచి రంగు వేయడం, జ్వరం తెచ్చే పారసైట్లు అందులో ఉన్నాయేమో మైక్రోస్కోపులో వెతకడం. మన్యం జ్వరం అప్పటికే నన్ను రెండుసార్లు పడేసింది. దానికి మింగిన క్వినైన్ బిళ్ళల వల్ల సాయంత్రానికి చెవుల్లో హోరు, కళ్ళలో మంట.

మా పై డాక్టరు దొర పరిశోధన ఇమ్యూనిటీ మీద, అంటే రోగాన్ని తట్టుకునే శక్తి మీద. ఆ పల్లెల్లో పసిపిల్లలకు కడుపులో బల్ల, అంటే ప్లీహం, పెరిగి ఒళ్ళు కాలిపోయేది. పెద్దవాళ్ళ నెత్తుర్లోనూ పారసైట్లు ఉండేవి గాని, వాళ్ళు మామూలుగా పోడు చేసుకుంటూ తిరిగేవారు. చిన్నప్పటి జ్వరాలను తట్టుకుని బతికినవాళ్ళకు ఆ శక్తి వస్తుందని దొర అభిప్రాయం. క్వినైన్ ఎప్పుడూ కొరతే. అందుకని కొండల్లో పుట్టిన పెద్దలకు జ్వరం వస్తే తప్ప ఇవ్వవద్దని మాకు ఉత్తర్వు.

ఒక పల్లెలో క్రైస్తవ మిషన్ వారు కొత్తగా బడి పెట్టారు. పంతులమ్మ పేరు బుద్రి. ఆ ఊరి పిల్లే. తల్లి పోయాక పదేళ్ళ వయసులో మిషన్ వారు ఆమెను సముద్రపు ఒడ్డు పట్నానికి తీసుకెళ్ళి చదివించారు. తిరిగి వచ్చి అప్పటికి వారమే అయింది. సూదికి భయపడే పిల్లల చేతులు తనే పట్టుకుని నాకు పని తేలిక చేసింది. చివరికి తన వేలూ చాచింది.

"అయ్యగారూ, నాకూ బిళ్ళలు ఇవ్వండి. పదేళ్ళు కింద పట్నంలోనే ఉన్నాను కదా."

"నువ్వు ఈ కొండ పిల్లవే, ఇక్కడి గుంటవే కదమ్మా. మీ ఒంటికి అలవాటైన జ్వరమే ఇది."

"పదేళ్ళ తరవాత కూడా ఆ అలవాటు ఉంటాదంటారా?"

ఆ పూట నాకు ఆలోచించే ఓపిక లేదు. ఉంటుందన్నాను. మర్నాడు చూస్తే ఆ ఊరి పెద్దల స్లైడుల్లో ఆమెదొక్కటే పూర్తిగా శుభ్రంగా ఉంది. పదేళ్ళుగా ఆమె ఒంటికి ఈ జ్వరం తగల్లేదని ఆగి ఆలోచించాల్సింది అక్కడే. మంచిదే అనుకుని పక్కన పెట్టేశాను.

మూడు వారాలకు ఆమె అక్క సోంబారి డేరా దగ్గరికి వచ్చింది.

"బాబూ, బేగి రండి. మా సెల్లి పలకట్లేదు. నాలుగు దినాలై జొరం."

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

"అదే వద్దంది బాబూ. కొండ గుంటకి ఏటీ కాదని డాక్టరు బాబు సెప్పారంది."

మందుల పెట్టె తీసుకుని ఆమె వెంట నడిచాను. బుద్రికి స్పృహ లేదు. క్వినైన్ ఇంజెక్షన్ చేశాను. మైదానం నుంచి కొత్తగా కొండెక్కిన రోడ్డు కూలీ నెత్తుర్లో ఉన్నట్టు ఆమె నెత్తుర్లో పారసైట్లు కిక్కిరిసి ఉన్నాయి. సోంబారి వేలు పొడిచి చూస్తే అక్కడొకటి, ఇక్కడొకటి. ఆమెకు జ్వరం లేదు. రెండో రోజు మధ్యాహ్నం బుద్రి పోయింది.

"ఒక తల్లి కడుపునే పుట్టినాం," అంది సోంబారి. "నాకు లేని జొరం దానికేటి బాబూ?"

"మీ ఇద్దరి నెత్తురూ చూశాక తెలిసింది, ఈ జ్వరాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతో రాదమ్మా. జ్వరం తగులుతూ ఉంటేనే నిలుస్తుంది. దూరంగా ఉంటే సన్నగిల్లుతుంది. మీ చెల్లెలు బిళ్ళలు అడిగింది. నేనే ఇవ్వలేదు."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మా ఊరోల్లు కిందకి రోడ్డు పనికి పోయి ఏళ్ళ తరవాత వత్తన్నారు. ఈ మాట సంతలో సెప్పండి బాబూ."

చెప్పాను. దొర ఆ అక్కచెల్లెళ్ళ స్లైడులు రెండూ చూసి విలువైన ఆధారం అన్నారు. తిరిగి వచ్చినవాళ్ళకు క్వినైన్ ఇవ్వమని ఉత్తర్వు మార్చారు. బడి మాత్రం ఆ ఏడు మళ్ళీ తెరవలేదు.

తరువాత ఎన్నో ఏళ్ళు ఈ పనిలోనే ఉన్నాను. మైక్రోస్కోపు చెప్పకముందే రోగి తన ఒంటి సంగతి చెబుతాడని అక్కడ నేర్చుకున్నాను. బుద్రి అడిగిన ప్రశ్న మేమంతా వేసుకోవాల్సిన ప్రశ్న. అలసి ఉన్నాను గనుక, ఉత్తర్వు చేతిలో ఉంది గనుక, నాకు తెలియని సంగతికి తెలిసినట్టు జవాబిచ్చాను. ఆమె నా మాట నమ్మింది.